ఆనందపురంలో దిగవద్దు

నా జీవితంలో ఒక ఏడాది నీళ్ళపాలు కావడానికి కారణమైన మనిషి పోయిన నెల చనిపోయారు. ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసులో ఫైళ్ళ మధ్య కూర్చుని, పక్క సీట్లవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. "మీ బంధువులా మేడమ్?" అని అడిగారు. కాదన్నాను. "మరెవరు?" అన్నారు. ఏమని చెప్పను? ఒక వెబ్‌సైటు నడిపే పెద్దాయన అంటే నవ్వుతారు కదా.

నిజానికి నవ్వొచ్చే సైటే అది. పసుపు రంగు మీద ఆకుపచ్చ అక్షరాలు, పైన ఓ మూల ఊగుతూ ఉండే జెండా బొమ్మ, అడుగున ఎంతమంది చూశారో చెప్పే చిన్న డబ్బా. ఆయన స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెంలో రెండు గదుల ఇంట్లో, బియ్యం డ్రమ్ము పక్కన పెట్టుకున్న కంప్యూటర్ మీద, ఎవరి సాయమూ లేకుండా ఆ సైటు పెట్టారు. ఉద్యోగ పరీక్షలు రాయడానికి విశాఖపట్నం వచ్చే పిల్లలకి పరీక్ష సెంటరుకి దారి చెప్పడం ఒక్కటే దాని పని.

ఊళ్ళనుంచి వచ్చి పరీక్షలు రాసినవాళ్ళకే ఆ పని విలువ తెలుస్తుంది. హాల్‌టికెట్ మీద కాలేజీ పేరు, కింద విశాఖపట్నం అని ఉంటుంది. తీరా చూస్తే ఆ కాలేజీ ఊరి బయట ఎక్కడో హైవే పక్కన జీడితోటల్లో ఉంటుంది. ఒకే యాజమాన్యానికి రెండు మూడు కాలేజీలు, అన్నిటికీ ఒకటే పేరు. చెప్పిన టైము దాటి ఒక్క నిమిషమైనా సరే, గేటు మూస్తారు. ఇక అంతే సంగతులు. మూసిన గేటు పట్టుకుని ఏడ్చే పిల్లల్ని ప్రతి పరీక్షకీ టీవీలో చూపిస్తూనే ఉంటారు.

ఆయన సైటులో ప్రతి సెంటరుకీ ఒక పేజీ. మొదటి బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, దిగాక ఏ చేతివైపు తిరగాలి. బ్యాగూ ఫోనూ ఎవరి కొట్లో ఉంచుకోనిస్తారు. ఆడపిల్లలకి బాత్రూం ఎక్కడ. నడక ఎంతసేపు అన్నచోట మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "మా ఆవిడ నడకతో పద్నాలుగు నిమిషాలు", "మా ఆవిడ నడకతో తొమ్మిది నిమిషాలు". పరీక్షకి పిల్లలు ఒక్కరే రారు, అమ్మో నాన్నో వెంట వస్తారు, వాళ్ళు పిల్లల్లా పరిగెత్తలేరు, అందుకని. ప్రతి సెంటరుకీ ఆవిణ్ణి తీసుకువెళ్ళి, వాచీ చూస్తూ, పక్కనే నడిచేవారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువైన కొద్దీ సైటులో నిమిషాలు కూడా పెరుగుతూ వచ్చాయి.

"అందరి మొగుళ్ళూ సినిమాకి తీసుకెల్తారు. నాకు మాత్రం కాలేజీ గేట్లు సూపించీడమే" అని ఆవిడ నాతో ఎన్నిసార్లు అందో. అంటూనే చెప్పుల కోసం వెతుక్కునేది.

ప్రతి పేజీ చివరా తేదీ వేసి "చూసి రాసినది" అని ఉండేది. చూడనిది రాయడం ఆయన దృష్టిలో దొంగతనం కన్నా పెద్ద తప్పు. రాసింది చెరపడం దానికన్నా పెద్దది. ప్లాంటులో షిఫ్టు లాగ్‌బుక్ రాసిన చెయ్యి అది. ఆ పుస్తకంలో అంకె తప్పు పడితే దాని మీద ఒక్క గీత కొట్టాలట. కింద ఉన్న తప్పు అంకె కనపడి తీరాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. "వైట్నర్ పూసినోడు దేనికైనా తెగించీసినోడే" అనేవారు. సైటులో కూడా అదే పద్ధతి. బస్సు టైము మారినా, సెంటరు మారినా పాత మాట మీద గీత ఉండేది. పక్కన సరైన మాట, ఆయన పొడి అక్షరాలు, తేదీ.

ఆ గీతల్లో ఒకటి నాది.

డిగ్రీ అయ్యాక నేను రాయాల్సిన రెండో పెద్ద పరీక్ష అది. అప్పట్లో నోటిఫికేషన్లు వానాకాలంలో ఎండలా వచ్చేవి. మా నాన్న గోగు, వరి పండించే రైతు. "ఇదే ఆఖరు. ఇది కూడా పోతే బట్టల కొట్లో పనికెల్లాల" అని తేల్చేశాడు. నెట్ సెంటరువాడు ఆయన పేజీ ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. అప్పుడు అన్ని నెట్ సెంటర్లలోనూ ఆ పేజీలు గోడకి అంటించి ఉండేవి. "ఆనందపురం జంక్షన్‌లో దిగి ఎడమచేతి రోడ్డులో నడవాలి" అని అందులో ఉంది. దిగాను. నడిచాను. కాలేజీ వచ్చింది, పేరు సరిపోయింది, గేటు దగ్గర మాత్రం పరీక్ష రాసే పిల్లలెవరూ లేరు. వాచ్‌మన్ నా హాల్‌టికెట్ చూసి, "ఇక్కడ కాదమ్మా, ఈసారి కొత్త బిల్డింగులో పెట్టినారు. హైవే మీద ఇంకా ముందుకెల్లాల" అన్నాడు. ఆటో పట్టుకుని వెళ్ళేసరికి గేటు మూసి నాలుగు నిమిషాలైంది. కాళ్ళు పట్టుకున్నాను. తియ్యలేదు.

ఇంటికొచ్చి మూడు రోజులు అన్నం తినలేదు. నాలుగో రోజు నెట్ సెంటరుకి వెళ్ళి ఆ పేజీ కింద రాశాను: "మీ పేజీ చూసి దిగాను. గేటు మూసేశారు. మీకు పుణ్యం ఉంటుంది." ఆ చివరి మాట ఎంత విషం కలిపి రాశానో నాకు ఇప్పటికీ గుర్తే. మర్నాడు జవాబు వచ్చింది. "తల్లీ, మీది ఏ ఊరు?" అని. వచ్చి ఏం ఊడబొడుస్తాడులే అనుకుని ఊరిపేరు రాసి పడేశాను.

వచ్చారు. ఆ ఆదివారం మేము వీధిలో కూర్చుని నానిన గోగుకట్టల నుంచి నార తీస్తున్నాం. ఊరంతా ఆ కుళ్ళు వాసనే. సన్నగా, పొట్టిగా, జేబులో రెండు పెన్నులు పెట్టుకున్న మనిషి, పక్కన కుంటుకుంటూ ఒకావిడ వచ్చి మా ఇంటి ముందు ఆగారు. ఆయన కంటికి నల్ల కళ్ళద్దాలు ఉన్నాయి. నా పేరు అడిగి, "నానేనమ్మా, ఆ పేజీ రాసినోడిని. తప్పు రాసినాను" అన్నారు.

మా నాన్నకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "దారి తప్పు సెప్పినందుకు ఇంతదూరం వచ్చీసినావేటి బావా!" అని నోరు తెరిచాడు. నేను మాత్రం చేతిలో నార కింద పెట్టలేదు.

"మీరొచ్చి సారీ సెప్పీసినారని గేటు తీత్తారేటి?" అన్నాను.

"తియ్యరమ్మా. అందుకే వచ్చినాను."

ఏం మనిషిరా బాబూ అనిపించింది. ఆయన అరుగు మీద కూర్చుని డైరీ తీశారు. ఆరోజు పొద్దున్న లేచిందగ్గర్నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పమన్నారు. బస్సు ఎన్నింటికి ఎక్కాను, కండక్టర్ని అడిగానా, దిగాక ఎవరైనా కనపడ్డారా, వాచ్‌మన్ సరిగ్గా ఏమన్నాడు. ప్లాంటులో ప్రమాదం జరిగితే ఇలాగే అడుగుతారట. నేను ముక్కలు ముక్కలుగా, కోపంగా చెబుతున్నాను. ఆయన ఒక్క మాటకీ అడ్డు చెప్పకుండా రాసుకుంటున్నారు. సగం చెప్పేసరికి నా గొంతు మామూలైపోయింది. అప్పటిదాకా అందరూ "పోనీలే, నీ రాత" అన్నవాళ్ళే. ఏం జరిగిందని కూర్చుని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

అసలు సంగతి ఆయన చెప్పలేదు, ఆవిడ చెప్పింది. "ఆ వారమే కంటి ఆపరేషన్ అయినాది. బయటికెల్లొద్దన్నారు. పాత సెంటరే గదాని కాలేజీకి ఫోన్ సేసి అడిగినాడు. ఎవుడో, అవునవును ఇక్కడే అనీసినాడు. సూడకుండా రాసింది అదొక్కటే."

"అదొక్కటే సాలు" అన్నారాయన, డైరీలోంచి తల ఎత్తకుండా.

వెళ్ళేటప్పుడు మా నాన్నతో ఆయన ఏం మాట్లాడారో తెలియదు. నాన్న మళ్ళీ బట్టల కొట్టు మాట ఎత్తలేదు. వారం తిరక్కుండా పోస్టులో పాత ప్రశ్నపత్రాల కట్ట వచ్చింది. తర్వాత ఏడాది పొడుగునా వస్తూనే ఉన్నాయి. మరుసటి పరీక్షకి ముందురోజు వాళ్ళింట్లోనే దిగాను. పొద్దున్నే ఇద్దరూ వెంట వచ్చి గేటు దాకా దిగబెట్టారు. నాకు ఉద్యోగం వచ్చింది. ఇదిగో, ఇప్పుడు మీరు చూస్తున్న ఈ మేడమ్‌ని అలా అయ్యాను. బాబాయ్, పిన్నీ అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు.

ఆ పేజీలో మాత్రం "ఆనందపురం జంక్షన్‌లో దిగి" అన్న వాక్యం గీతతో అలాగే ఉంది. పక్కన: "ఇది చూడకుండా రాశాను. దీనివల్ల ఒక అమ్మాయి పరీక్ష పోయింది. తప్పు నాది." ఆపైన ఎన్నో పరీక్షలు వచ్చాయి, పోయాయి. ఆ గీత అలాగే ఉంది.

కాలం మారుతుంటే సైటు ఎలా చిక్కిపోయిందో నా కళ్ళతో చూశాను. నెట్ సెంటర్లు మూతపడ్డాయి. తర్వాత ఆయన పేజీలనే ఎవరో ఫొటోలు తీసి, పేరు కోసేసి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. నాకు ఒళ్ళు మండింది. ఆయనకి మండలేదు. "గేటు దాటితే సాలు పాపా. ఎవుడి పేరుంటే ఏటి" అన్నారు. తర్వాత ఫోన్లలో మ్యాపులు వచ్చాయి. "మ్యాపు దారి సూపిత్తాది. బాత్రూం సూపిత్తాదేటి?" అని నవ్వారు. సైటు అడుగున డబ్బాలో అంకె కదలడం తగ్గిపోయింది. ఒక పరీక్షకి ముందు రోజు కూడా పదిమంది దాటలేదు. అయినా కొత్త సెంటరు పడితే చాలు, ఆవిణ్ణి తీసుకుని బయల్దేరేవారు. నేను శనివారాలు వెళ్ళి టైపు చేసిపెట్టేదాన్ని. ఎందుకింత అవస్థ అని ఒకసారి అడిగాను. "నాను రిటైరయినాను గాని, పిల్లలు పరీక్షలు మానలేదు గదా" అన్నారు. అంతకుమించి ఆయన నోటినుంచి ఎప్పుడూ ఏమీ రాలేదు.

ఆమధ్య ఒక పెద్ద పరీక్ష పడింది. మళ్ళీ అదే పేరు, అదే కొత్త బిల్డింగు. ఈరోజుల్లో పిల్లలు సైట్లు తెరవరు కదా, ఫోన్నే ప్రశ్న అడిగేస్తారు. అది నాలుగు చోట్లా చదివి ఒక జవాబు వండి ఇస్తుంది. అది ఏం చెబుతుందో చూద్దామని సరదాకి అడిగాను. చక్కటి తెలుగులో, ఎంతో నమ్మకంగా చెప్పింది: "ఆనందపురం జంక్షన్‌లో దిగి ఎడమచేతి రోడ్డులో నడవాలి." అడుగున బాబాయ్ సైటు పేరు.

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. ఆ సాయంత్రం ఆఫీసునుంచి నేరుగా కూర్మన్నపాలెం వెళ్ళాను.

ఆయన ముందు నమ్మలేదు. "గీత కొట్టినాను గదా పాపా. కనపడదేటి?"

"దానికి గీత కనపడదు బాబాయ్. అచ్చరాలే సదువుతాది."

ఆయన నా ఫోన్ తీసుకుని ఆ జవాబు తనే చదువుకున్నారు. తర్వాత, "దానికి ఫోన్ సేసి సెప్పలేమా?" అన్నారు.

"ఎవలికి సేత్తాం?"

నిజంగానే ఎవరికి చేస్తాం? జవాబు కింద, తప్పు అని చెప్పడానికి, కిందికి చూపే బొటనవేలు బొమ్మ ఉంటే అప్పటికే నాలుగుసార్లు నొక్కి వచ్చాను. దాన్ని ఎవరు చూస్తారో, అసలు చూస్తారో లేదో ఆ పైవాడికే తెలియాలి. పరీక్ష ఇంకా పది రోజులుంది. చెయ్యగలిగింది ఒక్కటే కనపడింది. చెప్పడానికి నోరు రాకపోయినా చెప్పాను. "ఆ లైను సెరిపీ బాబాయ్."

ఆయన నావైపు చూసిన చూపు చూడాలి! కొట్టినా అంత బాధపడరు. "సెరిపీడమా? ఏటంతన్నావు నువ్వు? అది నీ ఏడాది పాపా. నీ ఏడాది మీద నాను వైట్నర్ పూసీనా? రేపు ఎవలైనా సూత్తే, ఈడెప్పుడూ తప్పు రాయలేదు అనుకోరేటి?"

"అనుకోనీ."

"నానొప్పను."

"పోయింది నా ఏడాది, మీది కాదు. సెరపమని నానే సెప్తన్నాను" అన్నాను. గొంతు పెరిగిపోయింది, పిన్ని వంటింట్లోంచి వచ్చి నిలబడింది. "ఆ లైను అక్కడుంటే మీ నిజాయితీ నిలబడతాది. నాలాటి ఇంకో గుంట ఆనందపురంలో దిగిపోతాది. ఏది కావాల బాబాయ్ మీకు?"

అన్నాక నాకే భయమేసింది. ఎంత మాట అనేశాను! ఆయన కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోమన్నారు, సాక్షిలా. ఆ వాక్యం మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. "దీనివల్ల ఒక అమ్మాయి పరీక్ష పోయింది" అన్నది రెండుసార్లు చదివారు. "సెరుపుతన్నాను" అన్నారు. పిన్నీ నేనూ చూస్తుండగా ఒక్కో అక్షరమే వెనక్కి తీసేశారు. ఖాళీ అయిన చోట పెద్ద అక్షరాలతో "ఆనందపురంలో దిగవద్దు" అని రాసి, మంచినీళ్ళు అడిగారు. ఆ మనిషి తన జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ అదే కష్టమైనది అనుకుంటాను. అది నాకోసం కూడా కాదు, ముక్కూ మొహం తెలియని ఎవరో పిల్లల కోసం.

అక్కడితో అయిపోలేదు. ఫోను మర్నాడు కూడా పాత జవాబే చెప్పింది. వారం తర్వాతా అదే. ఎప్పుడో చదివిపెట్టుకున్నదే వల్లిస్తోంది, మళ్ళీ ఎప్పుడు వచ్చి చూస్తుందో తెలియదు. పరీక్ష రోజు పొద్దున ఎనిమిదింటికి ఆయన ఫోన్ చేశారు. వెనకాల లారీల హారన్లు.

"ఎక్కడున్నారు బాబాయ్?"

"ఆనందపురం జంక్షన్లో. అట్ట మీద రాసి పట్టుకున్నాను. నలుగురు దిగిపోనారు పాపా! ఆటో ముందే ఆపి ఉంచినాను. నలుగుర్నీ ఎక్కించీసినాను. బేగి ఎల్లిపోతారు, ఇంకా బోల్డు టైమున్నాది." డెబ్భై దాటిన మనిషి గొంతు పదేళ్ళ పిల్లాడి గొంతులా గంతులేస్తోంది.

ఆ తర్వాతి పరీక్షకి ఇద్దరు దిగారు. దాని తర్వాత ఒకడు. ప్రతిసారీ ఫోన్ చేసి అంకె చెప్పేవారు, తగ్గుతోందని సంబరపడేవారు. సైటు చూసేవాళ్ళు లేరని ఏనాడూ దిగులుపడని మనిషి, ఆ జంక్షన్లో దిగే పిల్లల లెక్క మాత్రం వేళ్ళమీద పెట్టుకున్నారు. "ఒక్కడు కూడా దిగని రోజు సూసీసి, అప్పుడు మానీత్తాను" అన్నారు.

ఆ రోజు ఆయన చూడలేదు. వానల్లో జ్వరం పట్టుకుంది, ఊపిరితిత్తుల్లోకి దిగింది. పన్నెండు రోజులకే పోయారు.

మొన్న ఆదివారం మళ్ళీ అక్కడ పరీక్ష పడింది. శనివారమే బస్సెక్కి వెళ్ళి సెంటరు చూసి, పేజీలో తేదీ మార్చి వచ్చాను. ఫోన్ని మాత్రం అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. ఆదివారం తెల్లవారుతూనే ఆనందపురం జంక్షన్లో నిలబడ్డాను, చేతిలో అట్టముక్కతో. ఒక ఆటో మాట్లాడి పక్కన ఆపి ఉంచాను. గవర్నమెంటు ఉద్యోగి అట్ట పట్టుకుని రోడ్డు మీద నిలబడితే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో మొదటి పది నిమిషాలే ఆలోచించాను. ఆ తర్వాత ఒకటే ఆలోచన. ఎవరైనా నన్ను దాటి ఎడమచేతి రోడ్డులోకి వెళ్ళిపోతే?

మొదటి బస్సు వచ్చింది. ఖాళీ గంపలతో పూలమ్ముకునే ఆవిడ ఒకరు దిగింది. రెండో బస్సులో ఎవరూ దిగలేదు. మూడో బస్సు కిక్కిరిసి వచ్చింది. నిండా పరీక్ష పిల్లలే. కిటికీల దగ్గర పుస్తకాల్లో తలలు, ఒళ్ళో ప్లాస్టిక్ కవర్లలో హాల్‌టికెట్లు, పక్కన కునుకుతున్న అమ్మలు. కండక్టర్ తలుపు తీసి "ఆనందపురం, ఆనందపురం" అని రెండుసార్లు అరిచాడు. ఒక పిల్ల తలెత్తి బయటికి చూసింది. నేను ఒక అడుగు ముందుకి వేశాను. చూసి, మళ్ళీ పుస్తకంలోకి తల దించుకుంది. దిగవలసింది ఇక్కడ కాదని ఆ పిల్లకి తెలుసు.

"ఎక్కుతారేటమ్మా?" అని అడిగాడు కండక్టర్.

తల అడ్డంగా ఊపాను. బస్సు ఆ పిల్లలందరితోనూ హైవే మీద ముందుకి, కొత్త బిల్డింగు ఉన్న తగరపువలస వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత మరో రెండు బస్సులు వచ్చాయి. గేటు మూసే టైము దాటేదాకా అక్కడే ఉన్నాను. ఆటో అతను టీ తాగుతూ నన్ను వింతగా చూస్తున్నాడు. ఫోన్ తీశాను, అలవాటుగా ఆ నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను.

"ఎవరూ దిగలేదు బాబాయ్" అన్నాను, పైకే.